కన్ను ఎవరి సొత్తు?



గడచిన వానకాలములో ఒక సాయంకాలమున, ఫస్ట్ షిఫ్టు దిగి స్నానముచేసి వచ్చిన ఒక సహోదరుడు మా గుమ్మమునొద్ద చాలసేపు నిలుచుండెను. లోనికి రమ్మని పిలిచితిమి. చక్కెర వేయని టీ త్రాగిన పిమ్మట, అంగీ జేబులోనుండి నాలుగు మడతలు పెట్టిన కాగితము తీసి మా చేతికిచ్చెను. అది కంటి డాక్టరుగారి చీటి. షుగరువలన రెండు కండ్లలోను మార్పులు మొదలైనవనియు, చూపునకు ఇప్పటికి నష్టము లేదనియు, ఆరు నెలలకు మరల వచ్చి చూపించుకొనవలెననియు దానిలో నున్నది.

"అయ్యగారూ, నేను మల్ల పోకపోతే పాపమా?" అని ఆయన అడిగెను.

"ఎందుకు పోవద్దనుకుంటున్నరన్నా?" అని అడిగితిమి.

ఆయన నేలవైపు చూచుచు చెప్పినది ఇది: "నాకింక ఆరేండ్ల సర్వీసున్నది. పిల్లగాడు డిగ్రీ చదివి ఇంటికాడనే ఉన్నడు. కండ్లు పోతే నన్ను అన్‌ఫిట్ చేస్తరు, కొలువు వానికొస్తది. మందు చేయించుకుంటే కండ్లుంటయి, కొలువు నాతోనే ఒడుస్తది. నేనేం కండ్లు పొడుచుకుంటలేను గద. ఊకనే ఉంట."

మేము ఆ పూట జవాబు చెప్పలేకపోతిమి. ప్రార్థనచేసి పంపితిమి. మాలో కొంత కోపము కలిగినమాట నిజమే. ఆయన వెళ్లిన తరువాత ఆ కోపము ఆయనమీద నిలువలేదు.

బొగ్గుబాయిలు లేని ఊళ్లలోని చదువరులకు ఈ సంగతి కొంత విప్పి చెప్పవలెను. మా కాసిపేటలో కొన్ని యిండ్లవారు పత్తి, వరి పండింతురు; కొన్ని యిండ్లవారు సింగరేణి బాయిలోనికి దిగుదురు; కొందరు దేవాపూర్ సిమెంటు కార్ఖానాకు పోవుదురు. మూడింటిలో స్థిరమైనది బాయి కొలువే. తండ్రి కొలువు కొడుకునకు వచ్చుట ఒకప్పుడిచ్చట అలవాటుగా నుండెను. అది ఆగిపోయిన ఏండ్లకు, 2016లో వారసత్వ ఉద్యోగముల పథకమును ప్రకటించిరి. 2017లో హైకోర్టు దానిని కొట్టివేసెను. 2018 నుండి కారుణ్య నియామకములని పేరుపెట్టి, రోగముచేత పనికి తగడని వైద్యబోర్డు తేల్చిన కార్మికుని స్థానమున అతని బిడ్డకు కొలువిచ్చుచున్నారు. ఇది మంచి యేర్పాటే. కన్నో కాలో పోయిన మనుష్యుని యిల్లు వీధిన పడకూడదనియే గదా దాని ఉద్దేశము. అయితే మంచి యేర్పాటు వెనుక కూడ ఒక శోధన దాగియుండవచ్చును. తండ్రి ఆరోగ్యము ఒక త్రాసులోను కొడుకు బ్రతుకు మరియొక త్రాసులోను వేసి తూచుట ఇంటింట జరుగుచున్నది. ఎవరును బయటికి చెప్పరు. ఈ సహోదరుడు చెప్పెను. అందుకు ఆయనను గౌరవించుచున్నాము.

ఇక వ్యాధి సంగతి. కంటిలోపల వెనుకభాగమున పలుచని పొర యొకటి యున్నది. దానిని రెటీనా అందురు. వెంట్రుకకంటె సన్నని రక్తనాళములు దానిని పోషించుచుండును. రక్తములో చక్కెర ఏండ్లతరబడి మించియున్నయెడల ఆ నాళముల గోడలు బలహీనమై, అక్కడక్కడ సూదిమొనంత బుడగలుగా ఉబ్బును. కొన్నిచోట్ల రక్తమో నీరో చెమర్చును. ఇది మొదటి దశ. నొప్పి లేదు, ఎరుపు లేదు, మసకయు లేదు. అట్టమీది అక్షరములను చివరి వరుసవరకు చదువగలవాని కంటిలో సహితము ఇది ఉండవచ్చును. పిదప నాళములు మూసికొనిపోగా, ఆకలిగొన్న పొర క్రొత్త నాళములను పుట్టించుకొనును. అవి బహు పెళుసు. ఒకనాడు అవి పగిలి కంటిలో రక్తము నిండినప్పుడు గాని చాలమంది మేల్కొనరు. చూపునకు నడిమి స్థానమున నీరు చేరినయెడల అక్షరములును మనుష్యుల ముఖములును మసకబారును. 2022లో వెలువడిన ఒక పరిశోధన మన దేశములో నలువది యేండ్లు దాటిన షుగరు రోగులను పరీక్షించి, నూటికి పన్నెండుమందికి పైగా ఈ కంటిజబ్బు కనబడెనని తెలిపెను. మన ఆరాధనలో కూర్చున్నవారిలో ఎందరికి షుగరున్నదో లెక్కపెట్టుకొనిన తెలియును, ఇది దూరపు మాట కాదని.

మేము దీనిని పుస్తకములో చదివి మాత్రమే చెప్పుటలేదు. నలువది దాటిన పిమ్మట బైబిలును చేయిచాచి దూరముగా పట్టుకొని చదువవలసివచ్చి, అద్దములకొరకు పోతిమి. చుక్కలమందు వేసి, కంటిపాప విప్పారువరకు కూర్చుండబెట్టి, వెలుగువేసి చూచి, ఎడమకంట రెండు మూడు ఎర్రచుక్కలున్నవని చెప్పిరి. మాకు షుగరున్నట్టు నాలుగేండ్లనుండి తెలియును. మాత్రలు మ్రింగుచుంటిమి, కంటిని చూపించుకొనవలెనని మాత్రము ఒక్కనాడును తోచలేదు. ఆ తరువాత కొన్ని వారములు, ఎవరును చూడనప్పుడు ఒక కన్ను మూసి గుడిగోడమీది పాటల అంకెలు చదువుట, మరల రెండవకన్ను మూసి చదువుట మాకు అలవాటాయెను. అంకెలన్నియు స్పష్టముగానే కనబడెను, అయినను భయము పోలేదు. బాగుగా చూచుచున్న కంటిని రోగియని నమ్ముట కష్టము. నమ్మిన తరువాత భయపడకుండుట మరింత కష్టము.

మొదటి దశలో సాధారణముగా కంటికి మందు అవసరముండదు. చక్కెరను, రక్తపోటును అదుపులో నుంచుట, పొగ మానుట, చెప్పిన గడువునకు తప్పక మరల చూపించుకొనుట, ఇంతే. షిఫ్టులు మారువానికి ఇది చెప్పినంత సుళువు కాదు. నైట్ షిఫ్టు వారమున భోజనమెప్పుడు, మాత్ర యెప్పుడు, నిద్ర యెప్పుడు అను లెక్క ఇల్లాలికే తెలియదు. అయినను ఫలము గలదు. బ్రిటనులో ఇరువది యేండ్లు సాగి 1998లో ఫలితములు వెలువడిన పెద్ద పరిశోధనలో, చక్కెరను గట్టిగా అదుపు చేసినవారికి కంటికిని మూత్రపిండములకును సంబంధించిన ఇట్టి చిన్న నాళముల కీడు నాలుగవవంతు తగ్గెను.

వ్యాధి ముదిరినను దారి మూసికొనిపోలేదు. 1945 జూలైలో ఐరోపాలో సూర్యగ్రహణము కలిగినప్పుడు, దానిని తేరిచూచి కంటిపొర కాల్చుకొనినవానిని పరీక్షించుచు, మయర్ ష్వికరాత్ అను జర్మను వైద్యుడు ఒక సంగతి ఆలోచించెను. కంటిని కాల్చిన వెలుగునే కొలతప్రకారము వాడినయెడల చెడిన చోటును మాత్రము కాల్చి మిగిలినదానిని కాపాడవచ్చునా? నేటి లేజరు వైద్యము ఆ ఆలోచననుండి పుట్టినదే. ముదిరిన కండ్లలో తీవ్రమైన చూపునష్టము దీనిచేత సగమునకు పైగా తగ్గునని 1976లో అమెరికాలో రుజువాయెను. ఇప్పుడు సూదిమందులు కూడ వచ్చినవి. అయితే లేజరు పోయిన చూపును తెచ్చిపెట్టదు, ఉన్నదానిని కాపాడును. అందుచేతనే బాగున్న దినములలో పోవలెను. 2018లోను 2023లోను కంటివెలుగు శిబిరములలో అద్దములు పుచ్చుకొన్నాము గనుక ఇక చాలునని కొందరనుచున్నారు. ఈ జబ్బునకు అద్దములు పనిచేయవు.

స్వస్థత కూటములకు వెళ్లివచ్చి మాత్రలు మానినవారును మనలో కలరు. పుట్టు గ్రుడ్డివానికి ప్రభువు కండ్లమీద బురదపూసి, సిలోయము కోనేటివరకు నడిచిపోయి కడుగుకొమ్మనెను (యోహాను 9). ఆ నడక అవిశ్వాసమని ఎవరును అనలేదు. అదే అధ్యాయములో శిష్యులు ఎవరి పాపమువలన ఇది కలిగెనని అడుగగా ప్రభువు ఆ లెక్కనే త్రోసివేసెను. షుగరు వచ్చినవానిని, ఏమి తిని తెచ్చుకొంటివని అడుగువారు దీనిని చదువుకొనవలెను.

ఇక సహోదరుని ప్రశ్న. దానిలో ఒక బలమైన వాదమున్నది, దాటిపోరాదు. బాయిలో దిగు ప్రతి తండ్రి దినమున కింత తన దేహమును బిడ్డలకొరకు ఇచ్చుచునే యున్నాడు. మోకాళ్లిచ్చెను, నడుమిచ్చెను, దుమ్ముపీల్చి రొమ్మిచ్చెను. అప్పుడెవరును పాపమనలేదు, గుడిలో మేమే ఆయనను కష్టజీవి అని పొగడితిమి. ఇన్ని యిచ్చినవాడు కన్నెందుకు ఈయరాదు? ఈ మాట మమ్మును మూడు రాత్రులు నిద్రపోనియ్యలేదు.

మాకు తోచినది ఇది. బాయిలో తండ్రి చేసినది పని. బొగ్గు త్రవ్వెను, జీతము వచ్చెను. దేహము అరుగుట ఆ పనివెంట వచ్చిన నష్టమే గాని ఎవరును దానికి వెలకట్టి కొనలేదు. కన్ను పోనిచ్చినప్పుడు నష్టమే నాణెమగుచున్నది. యాబేష్గిలాదు వారు తమతో నిబంధన చేసికొమ్మని అమ్మోనీయుడైన నాహాషును వేడగా, మీలో ప్రతివాని కుడికన్ను ఊడదీయనిచ్చినయెడల ఒప్పుకొందునని వాడు చెప్పెను (1 సమూయేలు 11). ప్రాణములు దక్కును, ఊరు దక్కును, కన్నొక్కటే పోవును. లెక్కకు చౌకయే. అయినను ఆ వర్తమానము విన్న జనులందరును ఏడ్చిరి; సౌలు ఆ మాట విని మండిపడెను. ఇచ్చట నాహాషు ఎవరును లేడు. ఉద్యోగములు లేని కాలమే ఆ బేరము పెట్టుచున్నది.

ఊకనే యుందును, చేతితో ఏమియు చేయను, అనుమాట మరియొకటి. గోతిని తెరచి దానిమీద కప్పు వేయనివాడు, దానిలో ఎద్దు గాని గాడిద గాని పడినయెడల నష్టము కట్టవలెనని ధర్మశాస్త్రము (నిర్గమకాండము 21). వాడు ఎద్దును త్రోయలేదు, ఊకనే యుండెను. తెలిసిన గోతిని మూయకుండుటయు ఒక పనియే.

ఆ గోతిలో ఎవరు పడుదురు? కన్ను ఒక్కనాడు పోదు. చూపు తగ్గుచున్న నెలలలోను ఏండ్లలోను ఆయన టోపీదీపపు వెలుగులో పని చేయుచునే యుండవలెను. పైకప్పున సన్నని బీట కనబడవలసిన కన్ను అది. ప్రక్కన పనిచేయువాని ప్రాణము ఆ కంటిమీద ఆనుకొని యున్నది. ఆ ప్రక్కవాడును ఒక తండ్రియే. ఇంటిలో ఇల్లాలు. కండ్లు లేని భర్తను చేయిపట్టి పెరటికి, ఆసుపత్రికి, గుడికి నడిపించు ఇరువది యేండ్ల కొలువు ఆమెకు వచ్చును. ఆమెను అడిగినవారు లేరు. మరియు ఈ రోగము మన లెక్కప్రకారము నడువదు. సర్వీసున్నంతకాలము కదలక, రిటైరైన మరుసటి యేడు కన్ను తీసికొనవచ్చును. చక్కెరను విడిచిపెట్టినయెడల కంటికంటె ముందుగా మూత్రపిండమునో గుండెనో తీసికొనవచ్చును.

మరి కొడుకో? ముసలి ఇస్సాకు కండ్లకు మసక కమ్మియుండగా యాకోబు ఆశీర్వాదము పొందెను (ఆదికాండము 27). ఆశీర్వాదము నిజముగానే వచ్చెను, కాని దానిని పట్టుకొని ఇంట నుండలేకపోయెను. అచ్చట తండ్రికి తెలియకుండ కొడుకు ఆ పని చేసెను. ఇచ్చట కొడుకునకు తెలియకుండ తండ్రి చేయజూచుచున్నాడు.

ఇంత వ్రాసినను ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. మందు పుచ్చుకొని, గడువులు పాటించి, అప్పటికిని చూపు పోయినయెడల, ఆ కారుణ్య నియామకమును తల యెత్తి పుచ్చుకొనవలెను. అది అట్టివారికొరకే యున్నది. రోగము దాచి పనిచేయువారును కలరు, అన్‌ఫిట్ అగుదుమను భయముచేత. వారికి మేము చెప్పునది, దాచినకొలది ఆ దినము దగ్గరపడుననియే. ఇక కాంట్రాక్టు పనివారికి ఈ శోధన కూడ లేదు, వారి కన్ను పోయిన ఎవరికిని కొలువు రాదు. చుక్కలమందు వేసిన దినమున కొన్ని గంటలు ఎండ చూడలేరు, దగ్గరిది చదువలేరు. ఆ దినపు కూలి పోవును, వెంట వచ్చినవాని కూలియు పోవును. ఈ యేడు కోతపండుగ కానుకలలో కొంత ఇందుకై తీసియుంచవలెనని పెద్దలతో మాటాడుచున్నాము. రంగులు వేయుట వచ్చే యేటికి ఆగవచ్చును.

నాలుగవనాడు మేమే ఆ సహోదరుని యింటికి పోతిమి. పైన వ్రాసినదంతయు చెప్పలేదు. "ఈ సంగతి ఇంట్ల చెప్పిన్రా అన్నా?" అని మాత్రము అడిగితిమి. చెప్పలేదనెను. చెప్పుమంటిమి. ఆయన చెప్పుచుండగా మేము అచ్చటనే కూర్చుంటిమి. ఇల్లాలు పొయ్యివైపు తిరిగి యేడ్చెను. కొడుకు మొదట నవ్వెను, తరువాత లేచి బయటికి పోయెను. తిరిగి వచ్చినప్పుడు తండ్రితో గాక మాతో అనెను: "ఆ కొలువు నేను చెయ్యగలనా అయ్యగారూ? రోజు లాంప్ రూంల దీపం తీసుకున్నప్పుడల్లా మా నాయన యాదికొస్తడు."

కొడుకునకు ఇంకను పని దొరకలేదు. మంచిర్యాలలో ఒక దుకాణమున లెక్కలు వ్రాయుటకు పోవుచున్నాడు. జీతము చెప్పుకొనదగినది కాదు. తండ్రి ఆరు నెలల గడువు వచ్చే నెల పదునాలుగున. మా గడువు కూడ దగ్గరలోనే యుండగా, అడిగి దానిని అదే దినమునకు మార్పించుకొంటిమి. ఇద్దరి కండ్లలోను చుక్కలు వేసిన తరువాత రోడ్డు దాటించుటకు కొడుకు సెలవు పెట్టుచున్నాడు.