విప్పి అల్లుకోలేనివి

స్వెట్టరు అల్లడంలో ఒక సుఖం ఉంది. నాలుగు వరసల కింద ఒక కుట్టు జారిపోయిందనుకోండి, సూదులు తీసేసి దారం లాగితే చాలు, తప్పంతా సుబ్బరంగా ఊడి వచ్చేస్తుంది. ఊలు మళ్లీ ఉండగా చుట్టుకుని, ఏమీ ఎరగనట్టు మొదటినుంచీ అల్లుకోవచ్చు. ముప్ఫై ఏళ్లుగా అల్లుతున్నదాన్ని గదా, లోకంలో తప్పులన్నీ ఇలాంటివేనన్న భ్రమలో ఉండేదాన్ని.

ఆ భ్రమ పోగొట్టింది మా వాషింగ్ మెషీను.

మా అమ్మ చేతి స్వెట్టరు ఒకటి నా దగ్గర ఉండేది. నాన్నగారికి ఢిల్లీలో ఉద్యోగమైనప్పుడు అల్లింది. అసలు సిసలు గొర్రె ఊలు. అమ్మ పోయాక ఏటా చలికాలంలో ఒకసారి తీసి, ఎండ చూపించి, మళ్లీ పెట్టెలో దాచేదాన్ని. పోయిన సంక్రాంతికి మా కోడలు, పాపం నాకు సాయం చేద్దామనే, దుప్పట్లతోపాటు దాన్నీ మెషీనులో వేసి వేడినీళ్లు పెట్టింది. గంట తరవాత బయటికి తీస్తే ఏముంది! ఏడాది పిల్లాడికి సరిపోయే బుల్లి చొక్కా. అట్టలా బిగుసుకుపోయింది.

అప్పుడు నేనన్న మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. "తల్లి చేతి వస్తువు విలువ తెలియాలంటే తల్లి దగ్గర పెరగాలిలే" అన్నాను. ఆ పిల్లకి చిన్నప్పుడే తల్లి పోయింది.

కోడలు ఏమీ అనలేదు. దుప్పట్లు ఆరెయ్యడానికి మేడమీదికి వెళ్లిపోయింది.

సాయంత్రం "ఏదో కోపంలో అన్నానమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నాను. "పర్లేదత్తయ్యా" అంది. దారం లాగాను, ఊడిపోయింది అనుకున్నాను. ఊడలేదు. కాఫీ వేళకి కాఫీ వస్తూనే ఉంది, మాటలు మాత్రం లెక్కపెట్టినట్టు వస్తున్నాయి. మావారితో చెప్పుకుంటే, "అయితే ముడుచుకుపోయింది స్వెట్టరొక్కటే కాదన్నమాట" అని పేపరు తిప్పుకున్నారు.

నెల్లాళ్లయ్యాక కోడలే ఒక పొట్లం తెచ్చి నా ముందు విప్పింది. దూదిపింజల్లాంటి వడకని ఊలు. "స్వెట్టరు ఎందుకలా అయిందో తెలుసుకున్నానత్తయ్యా. కావాలని అలా చేసి బొమ్మలూ, గిన్నెలూ తయారుచేస్తారట. మనమూ చూద్దామా?" అంది.

సంగతేమిటంటే, గొర్రె వెంట్రుక మీద ఇంటికప్పు పెంకుల్లా సన్నటి పొలుసులుంటాయి. అన్నీ కొస వైపుకే తిరిగి ఉంటాయి. వేడినీళ్లూ సబ్బూ తగిలి రాపిడి జరిగితే ఒక్కో వెంట్రుకా మొదలు వైపుకి పాకుతుంది. వెనక్కి రాబోతే పొలుసులు అడ్డుకుంటాయి. ముందుకే గానీ వెనక్కి దారి లేదు. అలా ఒకదాన్నొకటి పెనవేసుకుని గట్టి ఫెల్టు అవుతుంది. మన గొంగడి మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించేది. కాశ్మీరు నమ్దాకి మగ్గంతో పనేలేదు. ఊలు పరిచి, తడిపి, చాపలో చుట్టి తొక్కడమే.

మేం చిన్న కుండ చేద్దామనుకున్నాం. ఆరేసరికి బాగా కుంచించుకుపోతుంది కాబట్టి, కావలసినదానికన్నా పెద్దగా ఒక ప్లాస్టిక్ బిళ్ల కత్తిరించాం. దానికి రెండువైపులా ఊలుని పలచగా, ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా పరిచి సబ్బునీళ్లు చల్లాం. మొదట మెల్లగా నిమరాలి. నేను అలవాటు ప్రకారం అంట్లు తోమినట్టు తోమేసరికి మొదటి కుండ ముడతలుపడి చెడింది. ఊలు ఎగిరి మావారి కాఫీలో పడితే, "గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరతానా" అని తాగేశారు.

రెండోది కుదురుతుండగా, నురగ చేతులతోనే, కోడలి మొహం చూడకుండా అనేశాను. "ఆ రోజు కోపంలో నోరు జారలేదమ్మా. నీకు నొప్పి కలగాలనే అన్నాను. తప్పు నాదే."

ఆ పిల్ల నిమరడం ఆపలేదు. కాసేపటికి, "అది మర్చిపోలేనత్తయ్యా" అంది. ఇంకాసేపటికి, "నీళ్లు చల్లారిపోయాయి, వేడివి పొయ్యండి" అంది.

పోశాను. ఊలు పట్టుబడ్డాక మూతి దగ్గర కోసి, ప్లాస్టిక్ లాగేసి, పిసికి, గుండ్రంగా మలిచాం. ఎక్కడా కుట్టూ లేదు, అతుకూ లేదు. ఒకవైపు ఒరిగింది, అంతే.

సైబీరియాలోని ఆల్టాయ్ కొండల్లో, పజిరిక్ అనేచోట 1949లో తవ్విన ఒక సమాధిలో ఫెల్టుతో చేసిన హంసలు దొరికాయట. ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి వయస్సు దాదాపు 2,300 ఏళ్లు. ఆ ఫొటో చూపించి కోడలు అడిగింది. "అత్తయ్యా, ఆ స్వెట్టరులోంచి ఒక ముక్క కోసి కుండకి పువ్వు చెయ్యనా?"

నా ప్రాణం గిలగిల్లాడింది. అయినా కత్తెర నేనే అందించాను. ఆశ్చర్యమేమిటంటే, కోసినచోట ఒక్క పోగు కూడా ఊడలేదు. మామూలు అల్లికైతే సగం జారిపోయేది.

క్షమించమని అడగడమంటే, జరిగింది జరగనట్టు చేసిపెట్టమని అడగడం అనుకునేదాన్ని. అది అవతలివాళ్ల చేతిలోనూ లేదు. వాళ్లని అడగదగిందల్లా, ఉన్నదానితో ఇంకేదైనా కలిసి చెయ్యనిమ్మని. చేద్దామా అని ముందు అడిగింది ఆ పిల్లే. నాకు తట్టనేలేదు.

కుండ మా హాల్లో టీవీ పక్కనే ఉంది. వచ్చినవాళ్లు "ఒరిగిందేమిటండీ" అంటారు. విప్పి మళ్లీ చెయ్యడానికి అది అల్లిక కాదు కదండీ!