రాజీలో న్యాయమెంత?

కోర్టు కేసులో కుదిరే రాజీ న్యాయమేనా, న్యాయం అందక ఒప్పుకున్న సర్దుబాటా అన్న ప్రశ్న రొళ్ల లాంటి సరిహద్దు మండలంలో మరింత బరువైనది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మండలం ఉన్న మడకశిర ప్రాంతానికి మూడు వైపులా కర్ణాటకే. వాన తప్పిన ఏట పనికోసం బెంగళూరు బాట పట్టడం ఇక్కడ మామూలే. అక్కడ లారీ గుద్ది కూలీ కాలు పోతే? 1994 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం, బాధితుడు తానుండే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే పరిహారం అడగవచ్చు. వాయిదా వాయిదాకూ కూలి పోగొట్టుకుని రాష్ట్రం దాటే బాధ ఆ మేరకు తప్పింది. వలస జీవికి ఇది చిన్న మేలు కాదు.

తర్వాతది బేరం. రావలసింది 6 లక్షలు, గెలిచే అవకాశం 70 శాతం అనుకుంటే దావా విలువ 4,20,000 రూపాయలు. తీర్పుదాకా వెళ్తే చెరో 60,000 ఖర్చవుతుందనుకుంటే కూలీకి మిగిలేది 3,60,000, లారీ బీమా కంపెనీకి పడేది 4,80,000. ఈ రెంటి మధ్య ఎక్కడ కుదిరినా ఇద్దరికీ లాభమేనంటుంది అర్థశాస్త్రం. ఆగగలిగే శక్తి ఎవరికెంతో ఈ లెక్కలో లేదు. ఆలస్యాన్ని కంపెనీ భరించగలదు. అప్పు చేసి ఆపరేషన్ చేయించుకున్న ఇంటికి మాత్రం నెలనెలా వడ్డీ పెరుగుతుంది. అందుకే 2 లక్షలకైనా సంతకం పడుతుంది. 1984లో అమెరికా న్యాయాచార్యుడు ఓవెన్ ఫిస్ రాజీలను వ్యతిరేకించడానికి ఈ అసమానతే ఒక ముఖ్య కారణం. ఆయన వాదన కాదనలేనిది. అయినా ఏళ్లతరబడి తీర్పుకోసం కూర్చోమనడం కూడా పేదవాడికి శిక్షే.

ఇలాంటి రాజీ లోక్ అదాలత్‌లో కుదిరితే, 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఆ అవార్డు సివిల్ డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. అందుకే ఇరుపక్షాల సమ్మతికి అంత విలువ. రాజీ కుదరకపోతే కేసును కోర్టుకు తిప్పిపంపాలే తప్ప, సొంతంగా తీర్పు చెప్పే అధికారం లోక్ అదాలత్‌కు లేదని 2008లో జలౌర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే సంతకం చేసినవాడు ఇష్టపడి చేశాడా, గతిలేక చేశాడా అన్నది కాగితం చెప్పదు. పని ప్రమాదాల విషయంలో 1923 నాటి కార్మిక పరిహార చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఒప్పందంలోని మొత్తం మరీ తక్కువగా ఉంటే దాన్ని నమోదు చేయకుండా నిరాకరించే అధికారం కమిషనర్‌కు ఇచ్చింది. రోడ్డు ప్రమాదాల రాజీలకూ అదే పరీక్ష ఉండాలి. కోర్టులో ఎంత రావచ్చో బాధితుడికి చెప్పి, అది నమోదు చేశాకే సంతకం తీసుకోవాలి. వద్దనగలిగే స్థితిలో లేనివాడు చేసిన సంతకాన్ని సమ్మతి అనకూడదు.