ఏడాది చివర పద్దు

మనకు ఏడాదికి రెండు చివరలు. డిసెంబరు 31 ఒకటి, ఉగాది ముందు వచ్చే అమావాస్య ఒకటి. మొదటిదాని రాత్రి మనలో సగంమందిమి డ్యూటీలో ఉంటాం. రెండవది కేలండరు చూస్తేగాని తెలియదు. ఉగాదికి హాలు దొరికిన ఆదివారం పంచాంగ శ్రవణం పెట్టుకుని, ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని శ్రద్ధగా వింటాం. అదంతా రాబోయే ఏటి సంగతి. పోయిన ఏడు చదివిన అంకెలు ఎంతవరకు నిజమయ్యాయని అడిగినవారిని మేమింతవరకు చూడలేదు. అడిగితే చదివినవారికే కాదు, విన్నవారికీ ఇబ్బందే.

జరిగినదానికి ఉన్నదున్నట్లు లెక్క రాసి, పెద్ద నష్టం తేలాక కూడా రేపటిమీద ఆశ ఉందనటం నిజాయితీయేనా? లేక అది రోగి బంధువులకు వరండాలో చెప్పే మెత్తని మాటలాంటిదేనా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మాకు రవీంద్రనాథ్ ఠాగూరు గుర్తుకు వస్తారు. ఆయనను మనం కవిగా ఎరుగుదుం. ఆయన నాటకకర్త, రెండువేలకు పైగా పాటలు కట్టిన సంగీతకర్త కూడా. శాంతినికేతనంలో చైత్రం చివరి సాయంకాలం పోయే ఏటికి, మర్నాటి ఉదయం వచ్చే ఏటికి ప్రార్థన జరపటం ఆనవాయితీ. 1941 ఏప్రిల్ 14 అలాంటి ఉదయం. ఆయనకు 80 నిండబోతున్నాయి. అంతకుముందు సెప్టెంబరులో కాలింపాంగులో వచ్చిన జబ్బునుంచి పూర్తిగా తేరుకోలేదు. యూరప్ తగలబడుతోంది. ఆ రోజుకోసం రాసిన ప్రసంగం పేరు 'సభ్యతార్ సంకట్', అంటే నాగరికతకు వచ్చిన ఆపద.

అందులో ఆయన తీసింది ఒక్క ఏటి లెక్క కాదు, 60 ఏళ్ళది. 1878లో 17 ఏళ్ళ కుర్రవాడుగా ఇంగ్లండు వచ్చి, లండన్ యూనివర్సిటీ కాలేజీలో చదివి, జాన్ బ్రైట్ ఉపన్యాసాలు విని, ఈ జాతి న్యాయబుద్ధిమీద గొప్ప నమ్మకం పెట్టుకున్నారు. ఆ నమ్మకం దివాలా తీసిందని 1941లో రాశారు. తిండి, గుడ్డ, చదువు, వైద్యం లేక తన దేశం ఎలా ఉందో మొహమాటం లేకుండా చెప్పారు. ఆ జాబితాలో వైద్యం కూడా ఉన్నదని మనం గమనించాలి. అయినా మనిషిమీద విశ్వాసం వదులుకోవటాన్ని ఆయన పాపంగానే ఎంచారు. రాబోయే మహామానవుడిమీద ఆ రోజుకోసమే ఒక పాట కట్టారు. నాలుగు నెలలు తిరక్కుండా, ఆగస్టు 7న పోయారు.

చావు దగ్గరపడ్డవాడి ఆశకు ఖర్చేముంది, అది తప్పని తేలేనాటికి అతను ఉండడుగదా అని ఎవరైనా అనవచ్చు. తేలింది కూడా: 1943లో బెంగాలు కరువు లక్షలమందిని మింగింది.

కాని మన వృత్తిలో రెండు వేరు సంగతులున్నాయి. ఈ రోగి బతుకుతాడన్నది అంచనా. ఈ రోగిని విడిచిపెట్టననేది అంచనా కాదు, కనుక తప్పని తేలే ప్రశ్నే రాదు. జబ్బు ముదిరిందని కేసుషీటులో రాసిన చేత్తోనే మర్నాడు నాడి పట్టుకుంటాం. రవీంద్రుడి ఆశ ఈ రెండో రకానిది. అయితే అది అడిగినవారందరికీ దొరకదు. ముందు కేసుషీటు రాయాలి. శుభాకాంక్షల కార్డులు మమ్మల్ని కదిలించకపోవటానికి అదే కారణమనుకుంటాం.

ఆయన 'డాక్‌ఘర్' నాటకం చూడండి. 1902లో భార్య, మరుసటి ఏడు కూతురు, 1907లో కలరాతో చిన్నకొడుకు పోయిన తరువాత రాసినది. అమల్ అనే జబ్బు పిల్లవాణ్ణి బయటికి పోనివ్వవద్దంటాడు ఊరి కవిరాజు. శాస్త్రం అలా చెప్పిందంటాడు. (మనం కూడా అంటాం.) చివరికి రాజవైద్యుడు వచ్చి తలుపులు, కిటికీలు అన్నీ తెరిపిస్తాడు. పిల్లవాడు బతుకుతాడని నాటకం ఎక్కడా నమ్మబలకదు. కిటికీ మాత్రం తెరుచుకుంటుంది. 1942 జులై 18న వార్సా ఘెట్టోలో యానుష్ కోర్చాక్ తన అనాథ పిల్లలచేత ఈ నాటకమే వేయించాడు. ఆయన పిల్లల డాక్టరు. మూడు వారాలు తిరక్కముందే పిల్లలతోపాటు ఆయననూ ట్రెబ్లింకాకు తీసుకుపోయారు. ఆ సాయంకాలం ఆ పిల్లలకు ఆయన అబద్ధం చెప్పాడని మేమనలేం.

ఇక మన పద్దు. రవీంద్రుడు దివాలా రాసిన ఈ దేశమే ఏడేళ్ళకు, 1948లో, అందరికీ ఉచిత వైద్యమన్నది. దాన్ని నడపటానికి మన దేశపు డాక్టర్లు వేలమంది వచ్చారు. మనమూ ఆ వరుసలోవాళ్ళమే. ఇక్కడి ముసలివారి రక్తపోటు మనం చూస్తాం. తెనాలిలోనో, కరీంనగరులోనో ఉన్న మన నాన్నగారి రక్తపోటు వీధి చివరి ఆర్.ఎం.పి. డాక్టరు చూస్తాడు. మనం ఫోనులో అంకె అడిగి, మాత్ర పేరు చెబుతాం. ఇది ఆదాయమా, వ్యయమా? ఏ పంచాంగంలోనూ దీనికి గడి లేదు.

ఈసారి ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక, మన పిల్లలచేత ఆ నాటకం వేయిస్తే బాగుంటుందని మా సూచన. అమల్‌గా ఎవరిని వేయాలో తల్లులు తేల్చుకోవాలి. కవిరాజు వేషానికి మాత్రం మన సంఘంలో కరువుండదు.