పని యెరిగినవాని మాట

పని చేయుట ఒకరి వంతు, అది యెట్లు జరుగవలెనో నిర్ణయించుట వేరొకరి వంతు. ఈ విభజన న్యాయమేనా? కార్యాలయములందు కంప్యూటరు ప్రవేశించుచున్న ఈ కాలమున ఈ ప్రశ్న మన గ్రామముల గడపదాక వచ్చినది.

2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును ఆమోదించినది. ఆనాటి అంచనా 2,516 కోట్ల రూపాయలు. దేశమంతటికి నాబార్డు ద్వారా ఒకే సాఫ్టువేరు. ఆంధ్ర రాష్ట్రపు సంఘములును ఇందులో చేరినవి. ఉద్దేశము మంచిదే. లెక్కలు సకాలమున తేలక రైతు తిరిగిన తిరుగుళ్లు మన మెరుగనివి కావు. రాష్ట్రముల అవసరములను బట్టి మార్పులు చేసికొను వీలును పథకమునందే కలదు. అయితే ఆ అవసరములను చెప్పవలసినవా రెవరు?

విడవలూరు ప్రాంతమునే చూతము. మనది పెన్నా డెల్టా. సోమశిల నీటిని, ఈశాన్య ఋతుపవనపు వానలను నమ్మి నాట్లు వేయుదుము. నైరుతి వానలతో ఖరీఫు సాగించు జిల్లాలకును మనకును కాలము కలియదు. ఇది చాలక ఎడగారు పంట యొకటి. ఖరీఫు, రబీ అను రెండే గళ్లు గల పట్టికయైనచో ఎడగారుకిచ్చిన అప్పును ఏ గడిలో వ్రాయవలెను? గడువు ఏనాటికి పడును? గడువు దాటినచో సకాలపు చెల్లింపునకు లభించు వడ్డీ రాయితీ రైతునకు దక్కదు. దూరమున కూర్చున్న ఇంజనీరు బుద్ధిమంతుడే కావచ్చును; కాని ఎడగారు మాటయే విననివానికి ఈ సందేహ మెట్లు కలుగును? ఏండ్ల తరబడి లెడ్జరు వ్రాసిన గుమాస్తాకు అది చిటికెలో తట్టును. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గల ఇద్దరు రైతులలో అప్పు తీర్చినవా డెవరో ఆతనికి ముఖము చూడగనే తెలియును. ఈ తెలివి ఏ నిబంధనావళిలోను అచ్చుపడలేదు.

గుమాస్తాను అడిగినచో పాత పద్ధతియే మేలనునని కొందరి ఆక్షేపణ. కొంత నిజమే. కొన్ని జాప్యములు కొందరికి భుక్తి. అయినను అడుగకపోవుట దానికి మందు కాదు. 1998లో మన రాష్ట్రమున రిజిస్ట్రేషను కార్యాలయములకు కంప్యూటర్లు వచ్చినవి. దస్తావేజు లేఖరుల మధ్యవర్తిత్వము మాత్రము పోలేదు. పాత నడకను పరీక్షింపక యంత్రమును దానిపై కూర్చుండబెట్టిన ఫలమది. పనివానిని అడుగుట యనగా ఆతడు చెప్పినదెల్ల ఒప్పుకొనుట కాదు. ప్రతి మెట్టునకును కారణము చెప్పించుట. కారణము లేని మెట్టు అందరి యెదుట తానే తొలగిపోవును.

నార్వే దేశమున 1970 దశకపు తొలి యేండ్లలో క్రిస్టెన్ నైగార్డ్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు లోహ కార్మికుల సంఘముతో కలసి పనిచేసెను. యంత్రము తమ పని నేమి చేయునో కార్మికులే అధ్యయనము చేసిరి. 1975లో అచ్చటి కార్మిక, యాజమాన్య కేంద్ర సంఘముల నడుమ ఈ విషయమై ఒడంబడిక కుదిరినది. వారు దీనిని సౌకర్యముగా గాక హక్కుగా ఎంచిరి. నాకును అదియే సబబని తోచుచున్నది.

ఆయ్దక్కి మారయ్య యొకనాడు అలవాటుకు మించి బియ్యము తేగా లక్కమ్మ దానిని తిరిగి పంపిన కథ మన మెరిగినదే. మనము ఆమె నిరాశను మెచ్చుకొని ఊరకుందుము. నా దృష్టి మారయ్య మీద. ఆతడు వాదింపలేదు. ఇంటికి ఎంత చాలునో వండెడి చేతికి తెలియునని నమ్మి, వెనుదిరిగి పోయెను. కాయకమును గౌరవించుట యనగా కూలి సరిగా ఇచ్చుట మాత్రమే కాదు, ఆ చేతి తెలివిని ప్రమాణముగా గ్రహించుటయును.

అడుగు సమయ మొకటి యున్నది. యంత్రము దిగిన పిదప రెండు గంటలు శిక్షణ యిచ్చి, "సందేహము లేమైన నున్నవా?" యనుట శుభలేఖలు పంచి పెండ్లికూతురి ఇష్ట మడుగుట వంటిది. సంఘ బాధ్యతలందున్న పాఠకులు, ఇక రాబోవు మార్పులకైనను ముందు, గుమాస్తాను, ఎరువుల గోదాములో తూకము వేయువానిని, ఇద్దరు కౌలురైతులను ఒకచోట కూర్చుండబెట్టి, దరఖాస్తు మొదలు వసూలు వరకు ఒక అప్పు ఎన్ని చేతులు మారునో వ్రాయింపుడు. సాఫ్టువేరు వారు వచ్చుసరికి ఆ కాగితము బల్లపై నుండవలెను.