మనది వదిలితే త్యాగం... మరి పక్కవాడిది వదిలేస్తే?



ఈ వారం ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు. తార్నాకలో ఒక గది అద్దెకు తీసుకుని, ఇంకో స్నేహితుడితో కలిసి ఉంటున్నాడు. ఈమధ్య వాళ్లిద్దరూ మొదటిసారి ‘గేమ్ జామ్’లో పాల్గొన్నారట. అక్కడ జరిగిన ఒక చిన్న విషయం ఇతన్ని వదలడం లేదు. పైకి చూస్తే కంప్యూటర్ ఆటల సంగతి. లోపలికి చూస్తే మనందరి ఇళ్లలో ఉన్న సంగతే. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

గేమ్ జామ్ అంటే ఏమిటి?

తెలియని పెద్దవాళ్ల కోసం రెండు మాటలు. జామ్ అంటే బ్రెడ్డు మీద రాసుకునేది కాదండీ! వాద్యాలు వాయించేవాళ్లు ముందుగా ఏమీ అనుకోకుండా కలిసి కూర్చుని వాయించుకోవడాన్ని అలా అంటారు. ఇక్కడ వాద్యాలకి బదులు కంప్యూటర్లు. కొంతమంది ఒకచోట చేరతారు. అప్పటికప్పుడు ఒక అంశం ఇస్తారు. గడువు లోపల ఆ అంశం మీద ఒక వీడియో గేమ్ తయారుచెయ్యాలి. 2009 జనవరి నుంచి ‘గ్లోబల్ గేమ్ జామ్’ పేరుతో చాలా దేశాల్లో ఏటా ఇది జరుగుతోంది. మొదట్లో 48 గంటలు గడువు ఉండేది. అంశాలు కూడా భలేగా ఉంటాయి. 2012లో తన తోకని తానే మింగుతున్న పాము బొమ్మ చూపించారు. 2013లో మాటే లేదు, గుండె చప్పుడు వినిపించి అదే అంశం అన్నారు. 2020లో ‘మరమ్మత్తు’ అన్నారు. అక్కడ గెలుపోటముల కంటే కలిసి చెయ్యడమే ముఖ్యం.

అష్టావధానం చూసినవాళ్లకి ఇదేమంత కొత్త కాదు. అప్పటికప్పుడు ఇచ్చే సమస్య, అప్పటికప్పుడు పెట్టే నిషేధం, మధ్యలో అప్రస్తుత ప్రసంగం. హద్దులు పెడితేనే బుద్ధికి పదును వస్తుందని మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. తార్నాక పేరులో ‘తార్’ అంటే తీగ, ‘నాకా’ అంటే కాపలా చోటు అని, ఒకప్పుడు అక్కడ తోటకి తీగ కంచె, కాపలా ఉండేవని చెబుతుంటారు. తోటకి కంచె ఎలాగో జామ్‌కి గడువు అలాగ.

ఆ రాత్రి ఏం జరిగింది?

వీళ్లు నలుగురు. ఒక ముసలావిడని తార్నాక చౌరస్తా దాటించే ఆట మొదలుపెట్టారు. బస్సులు, ఆటోలు, బైకులు, వాటి మధ్య అమ్మమ్మ. అది మొదటి లెవెల్. రెండో లెవెల్‌లో అమ్మమ్మ క్యాంపస్ లోపలికి వెళ్లి చెట్ల కింద పొద్దుటి నడక నడుస్తుంది. ఆ రెండో లెవెల్ మొత్తం స్నేహితుడిదే. చెట్లు, పిట్టల కూతలు, దూరంగా ఆర్ట్స్ కాలేజీ కమాను, అన్నీ వాడే రాత్రంతా కూర్చుని చేశాడు. తెల్లవారుజామున ఒక గంట నిద్రపోతానని బల్ల మీద తల వాల్చాడు.

గడువు ఇంకా మూడు గంటలుంది. పరీక్ష చేస్తే రెండో లెవెల్ మొదలవగానే ఆట మొత్తం ఆగిపోతోంది. ఎక్కడ తేడా ఉందో దొరకలేదు. మిగతా ముగ్గురూ మాట్లాడుకుని ఆ లెవెల్ తీసేశారు. మొదటి లెవెల్‌నే సరిచేసి పంపించేశారు. స్నేహితుడు లేచేసరికి అంతా అయిపోయింది. వాడు ఏమీ అనలేదు. అప్పుడు ఈ తమ్ముడు ఓదార్పుగా, “ఫలం మీద ఆశ పెట్టుకోకూడదురా, గీతలో చెప్పింది అదే కదా” అన్నాడట. అప్పట్నుంచి ఒకే గదిలో ఉంటున్నా వాడు ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు.

“గేమ్ బయటికి రావాలంటే మాకు వేరే దారి లేదు. మేం చేసింది తప్పా? గీత మాట చెప్పడం తప్పా?” ఇదీ అతని ప్రశ్న.

తీసెయ్యడం తప్పు కాదు

ముందు ఇది ఒప్పుకుందాం. గడువున్న పనిలో ఏదో ఒకటి వదలక తప్పదు. ముహూర్తం దగ్గరపడ్డాక వంటవాళ్లు పది కూరలు అనుకున్నచోట ఏడుతో సరిపెడతారు. ఆ మూడు కూరలు మంచివి కాకపోవడం వల్ల కాదు, విస్తళ్లు వేసే వేళ అయింది కాబట్టి. ఆగిపోయే ఆటని ఎవరూ ఆడలేరు. చిన్నదే అయినా నడిచే ఆటని ఆడగలరు. కాబట్టి లెవెల్ తియ్యాలన్న నిర్ణయంలో దోషం లేదు. గొప్పగా చేద్దామని పోయి ఏమీ చెయ్యలేకపోవడం కంటే ఇదే నయం.

మరి ఆ అబ్బాయికి గుచ్చుకున్నది ఏమిటి? తన లెవెల్ పోవడమా? కాదనుకుంటాను. తను లేకుండా పోవడం.

వినాయక చవితికి మట్టితో బొమ్మ చేస్తాం, పత్రితో పూజ చేస్తాం, తర్వాత మన చేతులతోనే నీళ్లలో కలిపేస్తాం. ఎంత ప్రేమగా చేశామో అంత నిండుగా వదిలేస్తాం. అది నిమజ్జనం. అదే, పక్కింటివాళ్ల వినాయకుణ్ణి వాళ్లు నిద్రపోతుండగా తీసుకెళ్లి హుస్సేన్‌సాగర్‌లో వేసి వచ్చి, “దేనిమీదా మమకారం ఉండకూడదండీ” అంటే దాన్ని ఎవరైనా నిమజ్జనం అంటారా? బొమ్మ అదే, నీళ్లు అవే. వదిలిన చెయ్యి మారింది. చెయ్యి మారేసరికి పని పేరే మారిపోయింది.

గీత ఎవరికి చెప్పారు?

ఇప్పుడు గీత మాటకి వద్దాం. కర్మ చెయ్యి, ఫలం నీ చేతిలో లేదు అన్న ఉపదేశం రెండో అధ్యాయం 47వ శ్లోకంలో వస్తుంది. మనలో చాలామందికి కంఠస్థమే. అయితే దానికి చాలా ముందు, అదే అధ్యాయం 7వ శ్లోకంలో జరిగినదాన్ని మనం దాటేస్తుంటాం. అక్కడ అర్జునుడు తనంతట తాను, నేను నీ శిష్యుణ్ణి, నాకు దారి చెప్పు అని అడిగాడు. అడిగాకే ఉపదేశం. అది కూడా అర్జునుడి పని గురించి, అర్జునుడికి రాబోయే ఫలం గురించి.

ఇక చివరికి వెళ్లండి. 18వ అధ్యాయం 63వ శ్లోకం. అంతా చెప్పాక శ్రీకృష్ణుడు ఏమన్నాడు? బాగా ఆలోచించుకో, తర్వాత నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అన్నాడు. విశ్వరూపం చూపించినవాడు కూడా నిర్ణయాన్ని అర్జునుడి చేతిలోనే పెట్టాడు. మరి మనమెంత? మన స్నేహితుడు కళ్లు మూసుకున్న గంటలో వాడి తరఫున వాడి వైరాగ్యాన్ని మనం నిర్ణయించేశాం!

ఫలం ఆశించకు అని ఎవరికి వారు చెప్పుకుంటే అది గీత. పక్కవాడి కష్టాన్ని పక్కన పెట్టేసి, ఆ మాటే వాడికి చెబితే అది పెత్తనం.

“టైము లేదండీ, లేపితే వాదనకి దిగేవాడు” అనొచ్చు. నిజమే కావచ్చు. కానీ మనిషిని లేపడానికి రెండు నిమిషాలు పడుతుంది. గడువులో ఇంకా మూడు గంటలుంది. తక్కువైంది టైము కాదు. వాడి ముఖం చూస్తూ “నీ లెవెల్ తీసేస్తున్నాం” అని చెప్పే ధైర్యం. లేపి ఉంటే వాడు తేడా ఎక్కడుందో కనిపెట్టేవాడేమో. లేదా “సరే, తీసెయ్యండి” అని తనే అనేవాడేమో. ఆ ఒక్క మాట వాడి నోటి నుంచి వచ్చి ఉంటే అది త్యాగం అయ్యేది. ఒకవేళ ఒప్పుకోకపోయినా, ముగ్గురూ ఒకమాట మీద తీసెయ్యొచ్చు. ఫలితం ఇదే అయ్యేది, కోపం కూడా వచ్చేదేమో. కానీ తనని లెక్కలోకి తీసుకున్నారన్నది మిగిలేది.

వారధి కట్టినవాళ్లని చూడండి

గడువులో పని అంటే నాకు ముందు గుర్తొచ్చేది సేతు బంధనం. వాల్మీకి రామాయణం యుద్ధకాండలో ఆ లెక్క ఉంది. మొదటి రోజు 14 యోజనాలు, తర్వాత 20, ఆపైన 21, 22, 23. అయిదు రోజుల్లో 100 యోజనాలు. రోజురోజుకీ వేగం పెరిగింది చూశారా? అంత హడావిడిలోనూ ఎవరి పని ఎవరిదో మరుగున పడలేదు. రావణ వధ అయ్యాక పుష్పక విమానంలో తిరిగి వెళ్తూ సీతమ్మకి ఆ వారధిని చూపించినప్పుడు రాముడు దాన్ని నలసేతువు అన్నాడు. కట్టించింది తానే. అయినా నలుడి పేరు చెప్పాడు.

ఇక ఉడత సంగతి. వాల్మీకంలో కనిపించదు కానీ మన జనం నోట చెరగకుండా ఉన్న కథ. ఒళ్లు తడుపుకుని, ఇసుకలో దొర్లి, ఆ ఇసుక తెచ్చి వారధి మీద దులిపింది. ఆ నాలుగు రేణువులు లేకపోతే వారధి ఆగేదా? ఆగదు. ఆ సంగతి రాముడికి తెలియదా? తెలుసు. అయినా నీ ఇసుక పనికిరాదులే అనలేదు. దగ్గరికి తీసుకుని వీపు నిమిరాడు. ఆ మూడు గీతలు ఇప్పటికీ దాని వీపు మీద ఉన్నాయంటారు. పనిలో దాని వాటా మిగిలిందో లేదో తెలియదు, గుర్తింపు మాత్రం మిగిలింది.

అవధానంలోనూ అంతే. చివర ధారణ ఉంటుంది. విడివిడిగా, పాదం పాదంగా చెప్పిన పద్యాలన్నీ అవధాని మళ్లీ పూర్తిగా అప్పజెబుతాడు. మధ్యలో ఎన్ని గంటలు మోగాయో కూడా చెబుతాడు. గంట కొట్టినవాడితో సహా ఏ పృచ్ఛకుణ్ణీ వదిలెయ్యడు. అందరినీ ధారణలో పెట్టుకున్నాకే సభ ముగుస్తుంది.

ఈ తమ్ముడు రోజూ చూసే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. కట్టించిన ఏడో నిజాం పేరు మనకి తెలుసు. రూపం ఇచ్చిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ పేరు పుస్తకాల్లో ఉంది. ఆ గ్రానైటు రాళ్లు మలిచిన చేతుల్లో ఒక్కరి పేరు మనలో ఎవరైనా చెప్పగలమా? అంత పెద్ద కట్టడంలో అందరి పేర్లూ నిలవడం కష్టం అనుకుందాం. నలుగురు చేసిన ఆటలో నాలుగో పేరు నిలపడం కష్టమా?

ఇది మన ఇళ్ల సంగతి కూడా

అన్నయ్య ఇంజనీరింగ్ ఫీజు కోసం చెల్లెలి చదువు ఇంటర్‌తో ఆగిపోతుంది. తర్వాత ఇరవై ఏళ్ల పాటు చుట్టాలందరి ముందూ, “మా అమ్మాయి ఇంటికోసం ఎంత త్యాగం చేసిందో” అని చెప్పుకుంటాం. ఆ అమ్మాయిని అప్పుడు ఎవరైనా అడిగారా? కోడలు ఉద్యోగం మానేసింది, తమ్ముడు తన వాటా పొలం వదులుకున్నాడు అంటాం. వాళ్లే వదిలారా, మనం వదిలించామా? ఇబ్బందుల్లో ఏదో ఒకటి వదలక తప్పని మాట నిజమే. కానీ అడగకుండా తీసుకుని దానికి త్యాగం అని పేరు పెడితే, రెండు అన్యాయాలు జరుగుతాయి. ఉన్నది పోతుంది. పోయిందని బాధపడే హక్కూ పోతుంది. ఎందుకంటే త్యాగం చేసినవాళ్లు ఏడవకూడదు కదా!

ఆ స్నేహితుడు మాట్లాడకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది. గీత మాట విన్నాక, బాధగా ఉందిరా అని చెప్పే దారి కూడా వాడికి మూసుకుపోయింది.

ఇప్పుడేం చెయ్యాలి?

తమ్ముడూ, గడువు అయిపోయింది కానీ పని అయిపోలేదు. ముందు ఆట చివర పేర్లు వచ్చేచోట వాడి పేరు ఉందో లేదో చూడు. లేకపోతే ఈ రోజే పెట్టు. రెండో లెవెల్ ఏం చేశాడో కూడా రాయి. తర్వాత వాడి దగ్గరికి వెళ్లి, శ్లోకాలేవీ చెప్పకుండా, “నిన్ను లేపి ఉండాల్సింది” అను. అంతే. వెంటనే ‘కానీ’ అని మొదలుపెట్టకు. వాడు కోప్పడితే కోప్పడనీ. ఆ తర్వాత వాడికి ఇష్టమైతే ఇద్దరూ కూర్చుని ఆ లెవెల్‌లో తేడా ఎక్కడుందో వెతకండి. జామ్ ముగిశాక కూడా ఆటని బాగుచేసి మళ్లీ పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆ స్నేహితుడికి కూడా ఒక మాట. నువ్వు రాత్రంతా నాటిన చెట్లు ఎవరూ చూడకపోయినా, అవి నాటడం నీకు వచ్చేసింది. అది ఎవరూ తీసెయ్యలేరు. అయితే ఇది నిన్ను సర్దుకుపొమ్మని అనడం కాదు. నీకు ఎప్పుడు నిజం అనిపిస్తే అప్పుడు నీకు నువ్వే చెప్పుకో. అనిపించేదాకా బాధపడే హక్కు నీకుంది.

మనమందరం ఈ వారం ఒక్క పని చేద్దాం. మన ఇంట్లో ఎవరి గురించైనా “పాపం, త్యాగం చేశారు” అని చెప్పబోయే ముందు, వాళ్ల దగ్గరికే వెళ్లి, “అప్పుడు నిన్ను అడిగామా?” అని అడుగుదాం. జవాబు ఏదైనా సరే, మధ్యలో అడ్డురాకుండా పూర్తిగా విందాం.

శుభం.