దావీదుకు సౌలు కవచం



సంక్రాంతి సెలవులు అయిపోయినవి. పదవ తరగతి పిల్లలకు ఉదయమొకటి, సాయంత్రమొకటి ప్రత్యేక తరగతులు నడుస్తున్నవి. వాటితో పాటే ఆదివారం దివ్యపూజ ముగిసిన తరువాత గుడి మెట్ల దగ్గర తల్లులు నన్ను ఆపి అడిగే ప్రశ్న కూడ మొదలైంది. "ఫాదర్, మా బిడ్డను ఏ గ్రూపుల వెయ్యమంటరు?" ఇక పరీక్షలు దగ్గర పడేసరికి పెన్నులు, హాల్ టికెట్లు తెచ్చి ఆశీర్వదించమంటారు. సంతోషంగా ఆశీర్వదిస్తాను. కాని ఆ పెన్ను పరీక్ష హాలు వరకే తోడు వస్తుంది. హాలు బయటికి వచ్చిన బిడ్డ ఏ దారిన పోవాలన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి.

ఆ "వెయ్యడం" అనే మాటను ఒకసారి గమనించండి. దుక్కిలో విత్తనం వేస్తాం, బండి మీద బస్తా వేస్తాం. పదిహేనేండ్ల బిడ్డను కూడ గ్రూపులో వేస్తాం. విత్తనాన్నీ బస్తానూ ఎవరూ అడగరు. బిడ్డనైనా అడిగామా?

పూర్వవేదంలో సమూవేలు మొదటి గ్రంథం 17వ అధ్యాయం మీకు తెలిసినదే. గొల్యాతు మీదికి గొర్రెల కాపరి దావీదు పోతానంటాడు. సౌలు రాజు మొదట నీవల్ల కాదన్నాడు, తరువాత ఒప్పుకున్నాడు, కాని ఉట్టి చేతులతో పంపడానికి మనసొప్పలేదు. తన యుద్ధవస్త్రాలు తొడిగాడు, తలకు కంచు శిరస్త్రాణం పెట్టాడు, కవచం వేశాడు. దావీదు వాటిపైన కత్తి కట్టుకుని నాలుగడుగులు వేయబోయాడు, నడక సాగలేదు. తనకివి అలవాటు లేవని చెప్పి విప్పి పక్కన పెట్టాడు. ఏటిలో ఐదు నున్నని రాళ్లు ఏరుకుని, వడిసెల పట్టుకుని పోయాడు.

మనం సాధారణంగా వడిసెల గురించే ప్రసంగిస్తాం. నేను సౌలు గురించి రెండు మాటలు చెప్పదలచుకున్నాను. తరువాతి కాలంలో అసూయతో అతడు ఏమి చేసినా, ఆ రోజు మాత్రం చెడ్డగా ప్రవర్తించలేదు. తన దగ్గరున్న వాటిలో శ్రేష్ఠమైనది తీసి ఇచ్చాడు. పిల్లవాడు వద్దంటే కోపగించుకోలేదు, రాజు మాట కాదంటావా అని గద్దించలేదు. విప్పనిచ్చాడు, పోనిచ్చాడు. మన ఇండ్లలో ఎంతమంది తండ్రులు ఆ పని చేయగలరు?

మన ప్రాంతంలో ఈ కవచం ఒక్కో ఊరిలో ఒక్కో తీరుగా ఉంటుంది. గోదావరిఖనిలో, మందమర్రిలో ముప్పై ఏండ్లు బొగ్గుబావిలో దిగి వచ్చిన బాపు, తన కొడుకు మాత్రం దిగొద్దని, ఇంజనీరై ఏసీ గదిలో కూర్చోవాలని అనుకుంటాడు. సిరిసిల్లలో మరమగ్గం మోతకు చెవులు దిబ్బడలు పడిన తండ్రిదీ అదే కోరిక. కోరుట్ల, మెట్‌పల్లి వైపు అవ్వ బీడీలు చుడుతూ బిడ్డను డాక్టరుగా చూస్తుంటుంది. బాపు దుబాయిలోనో మస్కటులోనో లేబర్ క్యాంపు మంచం మీద పడుకుని ఫోనులో గ్రూపు ఖాయం చేస్తాడు. ఈ కోరికల వెనుక ఉన్నది గొప్పలకు పోవడం అని కొందరు తేలికగా అంటారు. నేనట్లా అనుకోను. అందులో ప్రేమ ఉంది, తాము పడ్డ బాధ బిడ్డ పడకూడదనే భయం ఉంది. కాని ఆ కవచం కుట్టించినది తండ్రి ఒంటి కొలతకు.

ఇదే సమయానికి ఇంటికి మరొకరు వస్తున్నారు. ఇన్‌షర్టు చేసుకుని, చేతిలో రంగుల కరపత్రాలు పట్టుకుని వచ్చే ప్రైవేటు కాలేజీ పీఆర్వో. "ఇప్పుడు సీటు బుక్ చేస్తే ఫీజులో తగ్గింపు ఉంటది" అంటాడు. నోటిఫికేషను రాకముందే చేర్చుకోరాదని ఇంటర్మీడియట్ బోర్డు ఏటా హెచ్చరిస్తూనే ఉంటుంది. అయినా జనవరిలోనే రసీదులు తెగుతున్నవి. బిడ్డ ఏ గ్రూపు చదవాలో, అసలు ఇంటర్ చదవాలో వద్దో తేలకముందే అడ్వాన్సు చేతులు మారుతుంది. తరువాత మనసు మారితే ఆ డబ్బు తిరిగి రావడం ఎంత కష్టమో కట్టినవారికి తెలుసు. ఎకరం పత్తి డబ్బు ఇంట్లోకి వచ్చిన వారంలోనే అతడు వస్తాడు, ఆ లెక్క అతనికి బాగా తెలుసు.

సరే, మరి గ్రూపు అంటే ఏమిటి? అవి తలుపుల వంటివి. ఒక్కో గ్రూపు కొన్ని తలుపులు తెరుస్తుంది, కొన్ని మూస్తుంది. మూసుకునే తలుపులేవో ముందే తెలియాలి. ఎంపీసీ చదివిన పిల్లవాడు ఈఏపీసెట్ రాసి ఇంజనీరింగుకు పోవచ్చు. మనసు మారితే బీఏ, బీకాం చదవవచ్చు, లాసెట్ రాసి ఐదేండ్ల న్యాయశాస్త్రానికి పోవచ్చు, సీఏ ఫౌండేషను రాయవచ్చు. సీఈసీ, హెచ్‌ఈసీ తీసుకున్న పిల్లలకు న్యాయశాస్త్రం, ఉపాధ్యాయ వృత్తి, వాణిజ్యం, సివిల్ సర్వీసుల తలుపులన్నీ తెరిచే ఉంటాయి గాని, ఇంజనీరింగు, వైద్యం తలుపులు మూసుకుంటాయి. బైపీసీ అంటే ఎంబీబీఎస్ ఒక్కటే అనుకోవడం మనవాళ్లలో ఉన్న పెద్ద పొరపాటు. ఆదిలాబాదు రిమ్స్ 2008లో వచ్చింది, 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలో, మరుసటి ఏడు కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. సంతోషమే. అయినా నీట్ రాసినవారిలో అధిక సంఖ్యాకులకు ఆ సీటు రాదు. అప్పుడు ఏమిటని ముందే మాట్లాడుకోవాలి. బీఎస్సీ నర్సింగు ఉంది, ఫార్మసీ ఉంది, ల్యాబు టెక్నీషియన్ చదువులున్నవి, వ్యవసాయ బీఎస్సీ ఉంది. ఆ చదువుకు జగిత్యాల పక్కన పొలాసలోనే కళాశాల ఉంది. నర్సమ్మ కావాలని మనసారా కోరుకునే బిడ్డ మీద "డాక్టరు కాలేక" అనే ముద్ర వేయకండి.

ఇక ఇంటరే చదవాలని ఎవరన్నారు? పదవ తరగతి తరువాత పాలిసెట్ రాసి మూడేండ్ల డిప్లొమా చేయవచ్చు. బెల్లంపల్లిలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, నస్పూరులో ఆడపిల్లలకు సింగరేణి వారి పాలిటెక్నిక్ ఉంది. డిప్లొమా ముగిసిన పిల్లవాడు ఉద్యోగం చూసుకోవచ్చు, లేదా ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరవచ్చు. ఈ ఒక్క మాట తెలియక ఎందరో తల్లిదండ్రులు పాలిటెక్నిక్‌ను చదువు రానివాళ్ల చోటుగా చూస్తున్నారు. 2008లో బాసరలో మొదలైన రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయం, మన ట్రిపుల్ ఐటీ, పదవ తరగతి ఫలితాన్ని బట్టే పిల్లలను తీసుకుంటుంది. ప్రవేశ పరీక్ష లేదు. ఆరేండ్ల చదువు, అక్కడే వసతి. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు కొంత అదనపు స్కోరు కలుపుతారు. కనుక సర్కారు బడి అని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. ఒకేషనల్ ఇంటరు, ఐటీఐ కూడ ఉన్నవి. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ట్యూషను ఫీజు లేదు. గురుకులాలు, మోడల్ స్కూళ్లు, అనేక కస్తూర్బా విద్యాలయాలు ఇంటరు వరకు ఉన్నవి. లక్షన్నర అప్పు చేసే ముందు ఇవన్నీ ఒకసారి వెళ్లి చూసి రండి.

ఆర్ట్సు గ్రూపు అంటే ముక్కు విరిచేవారికి ఒక్క మాట. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో 1931లో రైతు ఇంట పుట్టిన సి. నారాయణ రెడ్డి గారు ఉర్దూ మాధ్యమంలో చదువుకుంటూ పెరిగి, ఉస్మానియాలో తెలుగు ఎమ్మే చేసి, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. ఏ పీఆర్వో వచ్చి ఆయన బాపుకు తెలుగు చదివించమని చెప్పి ఉంటాడు?

ఈ జనవరి 28న మనం పండుగ చేసుకునే పునీత తోమాసు అక్వీనాసు సంగతి చూడండి. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివిన మా అందరికీ ఆయన పెద్ద మేష్టారు. 1880లో పదమూడవ లియో పాపుగారు ఆయనను కథోలిక విద్యాలయాలన్నిటికీ పాలకుడుగా నియమించారు. అటువంటివాడికి ఇంట్లోవాళ్లు గ్రూపు ముందే ఖాయం చేశారు! ఐదారేండ్ల వయసులోనే మోంతెకస్సీనో మఠానికి పంపారు. పెద్దయ్యాక ఆ పెద్ద మఠానికి అధిపతి కావాలని, ఇంటికి పేరు రావాలని వారి కోరిక. ఆయన నేపుల్సులో చదువుకుంటూ, భిక్షమెత్తుకుని బ్రతికే దోమినికు సభలో చేరాడు. అది 1244వ సంవత్సరం. తల్లి పంపగా అన్నలు దారిలో పట్టుకుని తెచ్చి, సుమారు ఏడాది పాటు కోటలో నిర్బంధించారు. ఆయన ఆ ఏడాదంతా చదువుకుంటూనే గడిపాడు. చివరికి ఇంటివాళ్లే వదలిపెట్టారు. మఠాధిపతి కావడం చెడ్డ పని కాదు, అది పవిత్రమైన పదవే. కాని దేవుడు ఆయనను పిలిచినది దానికి కాదు.

ఆ తోమాసుగారే వివేకం అనే సుగుణాన్ని వివరిస్తూ అందులో మూడు పనులున్నాయంటారు. మొదట విచారించడం, తరువాత నిర్ణయించడం, ఆ తరువాత ఆ నిర్ణయాన్ని ఆచరణలో పెట్టడం. మన ఇండ్లలో మూడవది ముందు జరుగుతుంది. ఫీజు కట్టి, ట్రంకు పెట్టె కొని, హాస్టలులో దింపి వచ్చాక విచారించడం మొదలుపెడతాం. విచారణ అంటే పక్కింటివాళ్ల కొడుకు ఏమి చేస్తున్నాడని కనుక్కోవడం కాదు. తొమ్మిది, పది తరగతుల్లో లెక్కలు చెప్పిన సారును అడగండి, బిడ్డకు లెక్కలంటే ఇష్టమా, గుండెదడా అన్నది ఆయనకు తెలుసు. ఆ కోర్సు చదువుతున్న పిల్లవాడిని అడగండి, రోజంతా ఏమి చేస్తారో చెబుతాడు. ఆ తరువాత బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని అడిగి, చెప్పేంత వరకు ఊరుకోండి. పదిహేనేండ్ల పిల్ల మొదటి రోజు "మీ ఇష్టం బాపూ" అనే అంటుంది. మూడవ రోజుకు గాని మనసులో మాట బయటికి రాదు.

ఓ విద్యార్థీ, నీకూ ఒక మాట. దావీదు కవచం వద్దన్నాడు గాని పని వద్దనలేదు. వడిసెల ఆ ఉదయమే పట్టుకున్నది కాదు. మంద కాసేటప్పుడు సింహం మీద, ఎలుగుబంటి మీద తన బలం చూసుకున్నవాడు. "నాకు ఇష్టం" అంటున్న దానిలో నువ్వు ఇప్పటిదాకా ఏమి సాధన చేశావు? సినిమాలో చూసి పుట్టిన ఇష్టమా, లేక ఎవరూ చెప్పకుండానే కూర్చుని చేసే పనా? నేస్తగాడు చేరుతున్నాడని అదే కాలేజీలో చేరడం కూడ ఒకరి కవచం తొడుక్కోవడమే.

కాగితాల మాట కొస్తే, విచారణలో ఏటా ఎదురయ్యేది ఒకటుంది. జ్ఞానస్నానం రిజిస్టరులో ఒక పేరు, ఆధారులో ఒక పేరు, బడిలో ఇంకొక పేరు. పదవ తరగతి మెమోలో పడిన పేరూ పుట్టిన తేదీయే జన్మంతా వెంట వస్తాయి. మెమో ముద్రణకు ముందే ప్రధానోపాధ్యాయుని దగ్గర సరిచూసుకోండి. కులం, ఆదాయం ధ్రువపత్రాలు మీసేవలో ముందే తీసుకోండి. గోండు, కొలాం, లంబాడ కుటుంబాల బిడ్డలు క్రైస్తవులైనా షెడ్యూల్డు తెగల హక్కు పోదు. దళిత క్రైస్తవులకు అట్లా కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని మనవారిని చేర్చలేదు. మన రాష్ట్రంలో వారికి బీసీ-సీ కింద ఉన్నది 1 శాతం. అది అన్యాయమని మన పీఠాధిపతులు ఏండ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. ఆ పోరాటం సాగనివ్వండి, ఈలోగా ఉన్న హక్కును కాగితం లేక పోగొట్టుకోకండి.

చివరగా, చెప్పక తప్పని విషయం. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మార్కుల నమోదులో తప్పులు బయటపడ్డవి. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పిన వారందరి జవాబు పత్రాలనూ ప్రభుత్వం మళ్లీ పరిశీలింపజేసింది. పోయిన పిల్లలు మాత్రం తిరిగి రాలేదు. తప్పిన సబ్జెక్టును అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో రాయవచ్చని, ఏడాది పోదని ఆ బిడ్డకు ఫలితాల రోజున కాదు, ఈ రోజే చెప్పండి. గ్రూపు సరిపడక మధ్యలో మారినా ఇంట్లో తలుపు తెరిచే ఉంటుందని కూడ ఈ రోజే చెప్పండి. మౌనంగా ఉంటున్న, తిండి మానేసిన, నిద్రలేని బిడ్డను ఒంటరిగా వదలకండి. టెలి మానస్ వారి నెంబరు 14416, ఏ వేళనైనా ఉచితం, తెలుగులో మాట్లాడుతారు.

వచ్చే ఆదివారం దివ్యపూజ అయ్యాక పదవ తరగతి పిల్లలు, తల్లిదండ్రులు గుడిలోనే ఉండండి. డిప్లొమా చదువుతున్న పిల్లవాడొకడు, ఆసుపత్రిలో పని చేస్తున్న నర్సొకామె, ఇంటరు అధ్యాపకులొకరు వచ్చి మీ ప్రశ్నలకు జవాబు చెబుతారు. బాపు గల్ఫులో ఉన్నవారు ఫోను వెంట తెచ్చుకోండి, ఆయన కూడ వింటాడు. పేర్లలో తేడా ఉన్నవారు ఆధారు, బడి ధ్రువపత్రం తీసుకుని రండి, జ్ఞానస్నాన రిజిస్టరు బల్ల మీద పెట్టి ఉంచుతాను.