ఎవరును చూడని సౌందర్యము



కేరళ తీరమునకు పడమట, అరేబియా సముద్రములో లక్షద్వీపములున్నవి. వాటిలో 10 దీవులయందే జనులు కాపురముందురు. ఆ దీవులు పగడపు దిబ్బలమీద నిలిచినవి. మిక్కిలి చిన్నదైన పగడపు జీవి తన క్రింద సున్నపు గూడు కట్టుకొనును; వేల యేండ్లుగా గూటిమీద గూడు పేరి దిబ్బయైనది. దాని దేహములో కంటికి కానరాని నాచు వసించి, సూర్యకాంతితో ఆహారము సిద్ధపరచి దానికి పెట్టును; రంగు నిచ్చునదియు ముఖ్యముగా ఆ నాచే. చిలుకచేప కొరికి మ్రింగిన పగడపు సున్నము తెల్లని యిసుకగా వెలువడును.

మనుష్యుడు యుగములు చూడని ఈ అందమును దేవుడు ఎవరికొరకు చేసెను? యెహెజ్కేలు 27వ అధ్యాయములో పగడములు తూరు సంతలోని సరకులు. మనుష్యుడు వెలగట్టినదే విలువగలదని తలంచును. అయితే ఆదికాండము మొదటి అధ్యాయము చదువుడి. అయిదవ దినమున, నరుడింకను పుట్టకమునుపే, దేవుడు జలచరములను చూచి సంతోషించి ఆశీర్వదించెను. కాబట్టి వాటి మేలు మన కన్నులమీద ఆధారపడలేదు. ఆయన చూచుటయే చాలును.

ఇప్పుడు ఆ ఆశీర్వాదము పొందినవి చచ్చుచున్నవి. నీరు వేసవి వాడుకకంటె ఒక డిగ్రీ వేడెక్కి వారములతరబడి నిలిచినయెడల, పగడము నాచును వెళ్లగొట్టి తెల్లబారును. వేడిమి తగ్గనియెడల ఆకలితో చచ్చును. లక్షద్వీపములలో 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో ఈలాగు జరిగెను. అలలను ఆపు దిబ్బ బలహీనమైనప్పుడు అక్కడి బీదల యిండ్లకును అపాయమే.

"బొగ్గు, నూనె విస్తారముగా కాల్చినవారు వేరే, మన పొయ్యి పొగ యెంత?" అని కొందరందురు. అది న్యాయమైన మాటయే. ఎక్కువ కాల్చినవారు ఎక్కువ లెక్క అప్పగింపవలెను. అయినను పొరుగువాని లెక్క పెద్దదని మన లెక్క కొట్టివేయబడదు. మన చెరువులో మందు కలిపి చేపలు పట్టునప్పుడు మనమును అదే తలంపుతో నడుచుచున్నాము: చూచువారు లేరు, నీళ్లు మనవి, చేపలు మనవి.

నీళ్లు మనవి కావు. ఏదెనులో నరునికి అప్పగింపబడినది కావలి పని, యజమానత్వము కాదు. లక్షద్వీపములను మనలో అనేకులు ఎన్నడును చూడకపోవచ్చును. వాటికొరకును ప్రార్థింతము. మన ఊరి చెరువును మాత్రము దినమును చూచుచున్నాము, అక్కడ నమ్మకముగానుందము.